గీత పక్కన ఖాళీ

మహబూబ్‌నగర్, 14-9-2022

బాపూ,

నేను బాగానే ఉన్నాను.

ఈ కాలేజీ లైబ్రరీలో నాది పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పని. నువ్వు రాసిన చీర అంచుల పుస్తకం మా దగ్గర ఉందేమోనని ఇవాళ కంప్యూటర్‌లో వెతికాను. ఉంది. "గంజి నరహరి, 1958–2020" అని ఉంది! మొదటిది పుట్టిన ఏడు, గీత తర్వాతది పోయిన ఏడు. ఆ కంగారులో మొన్న ఆదివారమే నన్ను బస్సెక్కించింది నువ్వేనని కూడా తోచలేదు. అమ్మకు ఫోన్ చేస్తే, "మగ్గం మీదున్నడు బిడ్డా, ఏమైంది?" అంది. వెనక మగ్గం చప్పుడు వినబడ్డాకే ఊపిరాడింది. అమ్మకేం చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

పుస్తకాల వివరాలు ఎక్కించే రోజారమణి మేడం చూసి, "గిదే పేరుతోని ఇంకో రచయిత ఉండె. ఆయన చనిపోయిన ఏడును మీ బాపుకు తగిలించిన్రు. వేరే లైబ్రరీల ఉన్నది ఉన్నట్టే మేం దించుకున్నం" అంది. రెండేళ్లుగా ఆ పుస్తకం వెతికినవాళ్లందరికీ నువ్వు లేవు బాపూ!

సరిచేయాలంటే నీ చేతిరాత కావాలట. పుట్టిన ఏడు రాసి, సంతకం పెట్టి, వెంటనే కార్డు వెయ్యి. బడిలో వేయించింది కాదు, అవ్వనడిగి అసలుది రాయి. బీపీ గోళీలు తెచ్చుకున్నావా? చెల్లి అక్షిత పరీక్షలు ఎప్పుడు? అవ్వకు నా దండం చెప్పు.

గీత తర్వాత ఇక ఖాళీ వదిలేస్తానంది మేడం. రోజూ పనిలోకి రాగానే ముందు ఆ ఖాళీనే చూసుకుంటాను. గోళీలు మానకు.

నీ బిడ్డ
శ్రీవాణి