పంతొమ్మిది కెమెరాలు

అంబాజీపేట,
8-4-2001

పూజ్యులైన బావగారికి,

మీ కెమెరా భద్రంగా ఉంది. విశాఖలో వన్డే మ్యాచ్‌కి తీసుకెళ్ళి ఫోటోలు తెమ్మన్నారు కదా, ఒక్కటీ తీయలేకపోయాను.

గేటు దగ్గర పోలీసాయన ఆపేశారు. "కెమెరా వెళ్ళడానికి లేదండీ. మీరొక్కరూ వెళ్ళండి," అన్నారు.

"ఇది మా బావగారిదండీ. ఎక్కడ పెట్టమంటారు?"

"అది మాకు చెప్పలేదండీ."

మీ వస్తువు వదిలి ఎలా వెళ్ళను? గోడ పక్కన కూర్చున్నాను. రాజోలు నుంచి వచ్చినాయన ఒకరు, "ఎలాగూ ఇక్కడే ఉంటారు కదండీ, మాదీ కాస్త చూడండి" అని తన కెమెరా నా ఒళ్ళో పెట్టారు. ఆయన్ని చూసి ఇంకొకరు. మధ్యాహ్నానికి నా తువ్వాలు మీద పంతొమ్మిది కెమెరాలు చేరాయి. లోపల జనం అరిచినప్పుడల్లా లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాను.

ఆఖరికి పోలీసాయన కూడా, "గేటు కాస్త చూస్తూండండి. ఇప్పుడే వచ్చేస్తాను" అని మ్యాచ్ చూడ్డానికి వెళ్ళిపోయారు. నన్నిక ఆపేవారు లేరు. కానీ అందరి కెమెరాలూ వదిలి ఎలా వెళ్ళను?

ఇంటికొచ్చి, సిగ్గేసి, మ్యాచ్ బ్రహ్మాండంగా ఉందని చెప్పాను. ఆ రోజు ఇక్కడ కరెంటు లేక ఎవరూ టీవీ చూడలేదట. అందుకని మా యువజన సంఘం వాళ్ళు వచ్చే ఆదివారం సభ పెట్టి, కళ్ళారా చూసినవాణ్ణని నన్ను మాట్లాడమంటున్నారు. గెలిచిందెవరో పేపర్లో చదివాను. ఎవరెలా ఆడారో మీరు టీవీలో చూసే ఉంటారు, వివరంగా రాయండి. నేను ఏ వైపు కూర్చుని చూశానో కూడా మీరే రాస్తే బాగుంటుంది.

మీ బావమరిది