మహేశ్వరి కూర్చునే పక్క

ఫిబ్రవరి 10, సోమవారం. ఉదయం 6.10

ఎరువుల కొట్టువాళ్లు ఊరికే ఇచ్చిన డైరీ ఇన్నాళ్లకు పనికొచ్చింది.

నా పాత లారీ ముందు భాగం ఎడమకు వాలి రెండేళ్లయింది. ఎందుకు వాలిందని టీ కొట్టు దగ్గర అడిగితే, "ఆ పక్క మా ఆవిడ కూర్చుంటదిగా" అన్నాను. నవ్వారు. ఆ మాట మాచర్ల నాపరాయి క్వారీలన్నీ తిరిగి నిన్న మా ఇంటికొచ్చింది.

మహేశ్వరి అరవలేదు. "ఆదివారం మా హిమజ గృహప్రవేశం. విజయపురికి నేను బస్సుకు పోతా. నీ లారీ నువ్వే ఎక్కు" అంది.

లారీ ఉన్నవాడి పెళ్లాం బస్సు దిగితే హిమజ మొగుడు, అంటే నా తోడల్లుడు, ఏడాదిపాటు నవ్వుతాడు.

శపథం: శనివారానికల్లా నా చేత్తోనే లారీని సమం చేస్తాను. మెకానిక్ గడప తొక్కను.

11, మంగళవారం. ఉదయం 7.00

కొలిచాను. ఎడమ పక్క నాలుగు వేళ్లు కిందికుంది. చక్రం మీద బరువు మోసే ఇనప పట్టీల దొంతర, అదే కమాన్ కట్ట, చదునైపోయింది.

కావలసినవి: కొత్త కట్ట ఒకటి, జాకీ, కిరసనాయిలు, ధైర్యం. చివరిది ఇంట్లోనే ఉంది.

మెకానిక్ బ్రహ్మం దారిన పోతూ ఆగాడు. వరసకు బావమరిది.

"రెండు పక్కలా మార్చు బావా. జతలో ఒక్క ఎద్దునే మారిస్తే కాడి నిలుస్తదా?"

"కుడి పక్క బానే ఉందిగా. బాగున్నదానికి వైద్యమేందిరా?"

నిరుడు గొంతు మార్చి ఫోన్ చేసి, ఈపూరులో లారీ ఆగిందని వాణ్ణి ఎండలో తిప్పాను. ఆ కడుపుమంటతోనే నాకు రెండు కట్టల ఖర్చు చెబుతున్నాడు.

12, బుధవారం. మధ్యాహ్నం 1.30

బోల్టు కదల్లేదు. కిరసనాయిలు పోశాను. అది నానాలి. నేను పడుకోవాలి.

13, గురువారం

ఇంకా నానుతోంది. గురువారం ఇనుము ముట్టకూడదని ఎవరో అన్నట్టు గుర్తు. అన్నది నేనే కావచ్చు.

14, శుక్రవారం. సాయంత్రం 5.00

ఎడమ చక్రాన్ని నాపరాయి బండ మీదికి ఎక్కించాను. లారీ పెళ్లికొడుకులా నిటారుగా నిలబడింది. మహేశ్వరిని పిలిచి చూపించాను. చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఆ బండ కూడా విజయపురి దాకా వస్తదా?"

15, శనివారం. ఉదయం 9.00

బోల్టులు కోయించాను. కోసినవాడు వెల్డరు, మెకానిక్ కాదు. శపథం బతికే ఉంది.

సాయంత్రం 6.30

కొత్త కట్ట, కొత్త బోల్టులు బిగించి జాకీ దించాను. ఎడమ పక్క లేచింది. చానా లేచింది.

ఇప్పుడు లారీ కుడికి వాలింది. నేను కూర్చునే పక్కకు.

16, ఆదివారం. సాయంత్రం 4.00. విజయపురి, తోడల్లుడి వరండా

పొద్దున మహేశ్వరి పట్టుచీర కట్టుకుని బయటికొచ్చి లారీని చూసింది. బస్సు మాటెత్తకుండా ఎడమ తలుపు తీసి ఎక్కింది. టీ కొట్టు దగ్గర ఆపమంది. ఏనాడూ ఆపమనదు.

కొట్టు లింగయ్య అడగనే అడిగాడు. "ఏందక్కా, బండి అటు వాలింది?"

"ఇన్నాళ్లూ నా బరువే అన్నాడుగా మీ అన్న. నేను తగ్గా తమ్ముడా. ఇక మిగిలిన బరువెవురిదో మీరే చూసుకోండి."

ఆ మాట మాకంటే ముందే విజయపురి చేరింది. తోడల్లుడు గుమ్మంలోనే నన్ను ఎగాదిగా చూసి, గట్టి కుర్చీ వెయ్యమన్నాడు.

శపథం: వచ్చే శనివారానికల్లా కుడి కట్ట కూడా మారుస్తాను. మెకానిక్ గడప మాత్రం తొక్కను. వాడే మా గడప తొక్కితే అది వేరే సంగతి.

బ్రహ్మానికి ఫోన్ చేశాను, సొంత గొంతుతోనే. లారీ కుడికి వాలింది, రేపు రమ్మన్నాను.

"ఈసారి గొంతు బాగా మార్చావు బావా" అని పెట్టేశాడు.