నేను రాసిన ఫేస్‌బుక్ నిబంధనలు

పూణె,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అప్పకు,

నీ చెల్లెలు సుగుణ ప్రేమతో రాస్తున్నది. దేవుని దయవల్ల నేనిక్కడ క్షేమం. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి నిజంగా తగ్గిందా? ఫోన్లో అడిగితే "బాగానే ఉన్నాదే" అని మాట దాటేస్తుంది. బొబ్బిలిలో వానలు పడ్డాయా? ఇక్కడ ముసురు పట్టి వదలడం లేదు. బట్టలు గదిలోనే ఆరేస్తున్నాను. ఆరినా తడి వాసన పోదు. నా గురించి బెంగ పెట్టుకోకండి, వేళకు తింటున్నాను.

ఫోన్లో చెప్పలేక ఇది రాస్తున్నాను. గదిలో నాతో ఉండే అమ్మాయికి తెలుగు రాదు గానీ, నా గొంతు మారితే తెలిసిపోతుంది.

మా ఫ్యాక్టరీలో ప్రెస్ మెషీన్ మీద పనిచేసే అప్పలనాయుడి గురించి ఒకసారి చెప్పాను కదా, గజపతినగరం ఆయన. నేను ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసులో చేరిన కొత్తలో, క్యాంటీన్ బయట ఆయన ఫోన్లో "ఒరే, గేదెకి కుడితెట్టినావేటి?" అని అరుస్తుంటే, పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏ ఊరని అడిగి, నాది బొబ్బిలి అన్నాను. "బొబ్బిలేటి? అయితే మా సెల్లివే" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకిక్కడ ఒక ఇల్లు దొరికినట్టయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ళింటికే వెళ్ళేదాన్ని. ఆయన భార్య గౌరి వంకాయలో ఎండు నెత్తళ్ళు వేసి వండేది. ముగ్గురం చాప మీద కూర్చుని తినేవాళ్ళం.

పోయిన నెల పెద్ద వానకు షెడ్డు పైకప్పు కారి మెషీన్ల మధ్య నీళ్ళు నిలిచాయి. కరెంటుతో నడిచేవి కదా, అందరికీ భయమే. సూపర్‌వైజరుకు చెబితే పట్టించుకోలేదు. అప్పలనాయుడు ఆ నీళ్ళను ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. కింద "మా కంపినీలో సేపలు కూడా పెంచుతన్నారు" అని రాశాడు. మనవాళ్ళు నవ్వుకుని నలుగురికీ పంచారు. అది తిరిగి తిరిగి మా దగ్గర సరుకు కొనేవాళ్ళ కంట పడింది.

మా మేనేజరు నన్ను పిలిచి ఆ తెలుగు మాటకు అర్థం చెప్పమన్నాడు. చెప్పాను. నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు. ఉద్యోగులు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో ఏం పెట్టొచ్చో, ఏం పెట్టకూడదో ఒక పాలసీ రాయమన్నాడు. రాశాను. కొనేవాళ్ళ పేర్లు, డ్రాయింగులు బయట పెట్టకూడదు. తోటివాళ్ళ ఫొటోలు అడగకుండా పెట్టకూడదు. ఆఫీసులో అనుకున్న మాట బయట అనకూడదు. సొంత పెళ్ళిళ్ళు, పండుగలు ఎవరిష్టం వాళ్ళది. ప్రమాదం గురించి పైవాళ్ళకు చెప్పినా వినకపోతే, బయట చెప్పినవాళ్ళను శిక్షించకూడదని కూడా రాశాను. దాన్ని మేనేజరు కొట్టేశాడు. ఫిర్యాదుకు వారంలోగా జవాబివ్వాలన్న మాట మాత్రం మిగిలింది.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. పాలసీ మీద వెనకటి తేదీ వెయ్యమన్నాడు. అలా వేస్తే అప్పలనాయుణ్ణి దాని కిందే పనిలోంచి తీసేయొచ్చు. కాదందామంటే అప్పా, నా ఉద్యోగమే ఇంకా పర్మనెంటు కాలేదు.

"ఇవాళ పెట్టిన నిబంధన నిన్నటి పనికి పనికిరాదు సార్. ఆ తేదీతో నేనివ్వలేను" అన్నాను.

"మీ వైపువాడనా?" అన్నాడు.

"ఎవరి విషయమైనా ఇదే చెబుతాను సార్."

ఆయన కాగితం తన వైపు లాక్కున్నాడు. చివరికి ఆ రోజు తేదీయే వేశాడు. నేను లేస్తుంటే, "ఈ గదిలో మాట ఈ గదిలోనే ఉండాలి. నువ్వు రాసిందే కదా" అన్నాడు.

అప్పలనాయుడికి ఉద్యోగం మిగిలింది. హెచ్చరించి, ఫేస్‌బుక్‌లోంచి ఆ ఫొటో తీయించేసి ఊరుకున్నారు. షెడ్డుకు కొత్త రేకులు కూడా వేశారు. కానీ పాలసీని అందరి ముందూ చదివింది నేను. మరునాడు క్యాంటీన్లో ఆయన పక్కన కూర్చోబోతే లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఏటయింది?" అన్నాను.

"ఏటవుతాది? ఏటెట్టాలో, ఏటెట్టకూడదో రాసింది మీరేనట గదా. నాను నోరు జారితే మీకే ఇబ్బంది, మేడమ్."

జరిగిందంతా చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. అందరి నోళ్ళకూ కట్టుబాటు రాసినదాన్ని, నేనే దాటితే ఎలా? మింగేశాను.

ఆ ఆదివారం అరటిపళ్ళు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గౌరి చాప పరవలేదు. పక్కింటి నుంచి కుర్చీ తెచ్చి వేసి, టీ ఇచ్చింది. "ఆయనకి మనసు బాగోనేదు మేడమ్. కొన్నాళ్ళు పోనీండి" అంది మెల్లగా. టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు నా బల్ల దగ్గరికి జనం బాగానే వస్తున్నారు. పాప పుట్టినరోజు ఫొటో పెట్టుకోవచ్చా అని ఒకరు, ఈ జోకు పంపొచ్చా అని ఒకరు. పెట్టుకోండి అంటే వెళ్ళిపోతారు. నేను ఎదురైతే మాటలు ఆగిపోతాయి, ఫోన్లు జేబుల్లోకి పోతాయి. నేనూ ఫేస్‌బుక్ చూడటం మానేశాను. మీ చర్చి ఫొటోలు చూడలేదని అలగకు. చూస్తే ఇంటి మీద బెంగ ఎక్కువవుతుంది. చేసింది తప్పని మాత్రం అనిపించడం లేదు. మళ్ళీ అడిగినా ఆ తేదీ వెయ్యను.

ఎవరైనా ఇటు వస్తే పొందూరు తువ్వాలు ఒకటి పంపు, ఇక్కడివి తడి పీల్చవు. అమ్మకు వాన సంగతులు చదివి వినిపించు, మిగతాది నీ దగ్గరే ఉంచు. అమ్మకు, బావకు నా వందనాలు, పిల్లలకు ముద్దులు. పాస్టరు గారిని నా కోసం ప్రార్థించమన్నానని చెప్పు.

బావకు సెలవు దొరికితే ఇద్దరూ ఒక్కసారి రండి. ఇంటి దగ్గర నువ్వు "ఒసే సుగుణా, ఏటే ఆ పని?" అని అరిస్తే నాకెంత కోపం వచ్చేదో నీకు తెలుసు. వచ్చి నా గుమ్మంలో నిలబడి అలా ఒక్కసారి అరువు. చుట్టుపక్కల వాళ్ళు విన్నా పరవాలేదు.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
సుగుణ