ఆడని పిల్ల కోసం వచ్చినవాళ్లం

జూన్ 27, శనివారం

ప్రియమైన అక్కకి,

ఈరోజు పొద్దున్నే ఒక వింత జరిగింది. నిద్ర లేచేసరికి అమ్మ మంచం అంచున బొమ్మలా కూర్చుని ఉంది. వీపు నిటారుగా, చేతులు రెండూ మోకాళ్ల మీద. ఒంట్లో బాగాలేదా అని అడిగితే, ఉండవే, మీ అక్కలా కూర్చుంటున్నా, కదిలించకు అని కసిరింది. కాసేపటికే నడుం పట్టేసి, అమ్మో అంటూ వెనక్కి వాలిపోయింది. మ్యాచ్ అంతా అది ఎలా కూర్చుంటుందే తల్లీ అని గది పైకప్పుని అడిగింది.

ఇక్కడ మేం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని కదా ఉత్తరం మొదలుపెట్టాలి. ఈసారి ఆ వాక్యం కుదరడం లేదు. ఎందుకంటే ఇక్కడా అక్కడా ఒకటే ఊరు. కోప్పడకు. నువ్వు రావద్దన్నావని తెలిసే వచ్చాం. టోర్నమెంటు మొదలైనప్పటి నుంచి నీ టీమ్ ఏ ఊరికి వెళితే ఆ ఊరికి వెనకాలే, నీ కంట పడకుండా తిరుగుతున్నాం. ఇప్పుడు అమ్మ కింద బట్టలుతికే మిషన్ల గదిలో ఉంది. ఈ ఉత్తరం సంగతి తనకి తెలియదు.

నిన్ను మూడో గోల్‌కీపర్‌గా ఎంపిక చేశారని తెలిసిన రోజు అమ్మ అన్న మాట నువ్వు మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. ఆడించనప్పుడు దేశం కాని దేశం పోవడం దేనికే, ఆ కూర్చునేదేదో ఇంట్లోనే కూర్చోవచ్చుగా అంది. నువ్వు బ్యాగు జిప్పు సర్రున లాగి, అయితే నువ్వు చూడ్డానికి రాకు, నేను కూడా ఇంటికి రాను, అట్నుంచి అటే క్యాంపుకి పోతాను అన్నావు. నీ సాక్సులు చేతిలో పట్టుకుని నేను మధ్యలో నిలబడ్డాను. అప్పటి నుంచి నువ్వు అమ్మ ఫోను ఎత్తడం లేదు.

నువ్వు వెళ్లాక అమ్మ కుట్టు మిషన్ ఆగితే ఒట్టు. పరధ్యానంలో ఎవరిదో ప్యాంటు రెండుసార్లు పొట్టి చేసి, బట్టల షాపాయన చేత చీవాట్లు తింది. ఆ సాయంత్రమే కత్తెర పక్కన పెట్టి, నీకు దారులడగడం వచ్చుగా, పద అంది.

మొదటి మ్యాచ్‌కి నీకు దగ్గరగా ఉండాలని పట్టుబట్టి, సరిగ్గా మీ బెంచీ వెనకే సీట్లు తీయించింది. బెంచీకి పైన కప్పు ఉంటుందని మాకేం తెలుసు! ఆట జరిగినంతసేపూ ఆ ప్లాస్టిక్ కప్పునే చూశాం. దాని కింద నుంచి ఎడమ చివర కనిపిస్తున్న బూట్లు నీవేనని అమ్మ వాదన. అవి మీ టీమ్ డాక్టరువని నా వాదన. ఎవరిది నిజమో నువ్వే తేల్చాలి.

రెండో మ్యాచ్‌కి బుద్ధి తెచ్చుకుని ఎదురు వరసలో కూర్చున్నాం. మేం దిగిన లాడ్జి ఆవిడ బైనాక్యులర్స్ అరువిచ్చింది. బంతి గోలు వైపు వెళ్లినప్పుడల్లా జనం లేచి నిలబడేవారు. కూర్చోండి బాబూ, మా అమ్మాయి కనిపించట్లేదు అని అమ్మ ముందు వరసవాళ్ల భుజాలు తట్టేది. మా పక్కన ముఖానికి రంగులేసుకున్న ఒక డప్పులావిడ కూర్చుంది, అవతలి జట్టు మనిషి. మీ అమ్మాయి ఎవరు అని నన్ను అడిగితే, అమ్మ అందుకుని, ఆడని పిల్ల అని చెప్పమంది. చెప్పాను. ఆవిడ ముందు పకపకా నవ్వింది. తర్వాత బైనాక్యులర్స్ అడిగి తీసుకుని చాలాసేపు నిన్నే చూసింది. ఆపైన నువ్వు లేచినప్పుడల్లా అమ్మని మోచేత్తో పొడవడం ఆవిడ పనైపోయింది.

అమ్మ ఏం చూసిందో చెప్పనా? ఆట మొదలవకముందు మొదటి గోల్‌కీపర్‌కి నువ్వు బంతులు తన్నడం చూసింది. ఒకటి పైకి, ఒకటి కిందకి, తప్పిపోయినవన్నీ నువ్వే పరుగెత్తి ఏరుకు రావడం చూసింది. మన మీద మొదటి గోలు పడ్డప్పుడు బెంచీ మీద అందరూ తలలు దించుకుంటే, నువ్వొక్కదానివే మైదానం గీత దాకా వెళ్లి ఆ గోల్‌కీపర్ కోసం చప్పట్లు కొట్టడం చూసింది. బైనాక్యులర్స్ ఒళ్లో పెట్టుకుని, ఇది కూర్చోవడం కాదే అంది. మరేంటమ్మా అంటే మాట దొరకలేదు తనకి. నాకీమధ్య మాటల పిచ్చి పట్టిందని నీకు తెలుసుగా, నిఘంటువంతా గాలించాను. కాపలా అనుకున్నాను, చాలలేదు. తోడు అనుకున్నాను, దగ్గరికొచ్చింది కానీ సరిపోలేదు. ఇంకా వెతుకుతున్నాను.

నిన్న మూడో మ్యాచ్‌లో మీరు ఓడిపోయాక జనమంతా కళ్లు తుడుచుకుంటూ బయటికి వస్తున్నారు. నువ్వు మైదానంలో చివరిదాకా ఉండి బంతులన్నీ సంచిలో వేయడం చూశాకే అమ్మ కదిలింది. బస్టాపు దాకా వచ్చాక, ఇంతకీ గెలిచామా అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేదమ్మా, ఇంక వెళ్లిపోతారు అన్నాను. అక్కడే రోడ్డు పక్క గట్టు మీద కూలబడి, అయితే అది క్యాంపుకి పోతుంది కదూ అంది. రెండు బస్సులు వచ్చి వెళ్లినా లేవలేదు.

అందుకే ఈ ఉత్తరం. మీ హోటల్ రిసెప్షన్‌లో ఇచ్చి వస్తాను. ఇంటికొస్తావో క్యాంపుకి పోతావో నీ ఇష్టం. అమ్మ మాత్రం ఆ మాట ఇంకెప్పుడూ అనదు.

నీ జట్టు ఓడినా నిన్ను చూసి మురిసిపోతున్న
చిన్నది

తా.క.: అమ్మకి తెలియదని పైన రాశాను చూడు, అది అబద్ధం. అమ్మ మిషన్ల గదిలో లేదు, నా పక్కనే ఉంది. ఉత్తరం రాయమన్నదే తను. ప్యాంటు సంగతి కొట్టేయమంది, నేను కొట్టేయలేదు. తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు మాత్రం రాయకే, సిగ్గేస్తుంది అంది. అదీ రాసేశాను. రేపు పొద్దున్న ఎనిమిదింటికి మీ బస్సు బయల్దేరుతుందట. నువ్వు దిగకపోయినా పర్వాలేదట, కిటికీ పక్కన కూర్చుంటే చాలట. ఏ వైపు కిటికీయో తెలియదు కాబట్టి, మీ హోటల్ గేటుకి అటు పక్క అమ్మ, ఇటు పక్క నేను నిలబడతాం.