వానలో నేను చేసిన సైగ

చిరంజీవి తమ్ముడు సత్యానికి,

మీ అన్న తన చేత్తో రాసిన సంగతులు. కోడలు రాసిపెడతానంది, నేనే వద్దన్నాను. నీ కాలి సంగతి ఇందులో ఉంది, ఒకరి చేత రాయించేది కాదు. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

మరదలు, పిల్లలు, పెద్దక్క కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేము బాగానే ఉన్నాం. పెరంబూరులో రెండంతస్తుల పైన ఇల్లు. అబ్బాయి రైలు పెట్టెల ఫ్యాక్టరీకి తెల్లవారకుండానే పోతాడు. ఉక్కపోత మన రేవు కంటే ఎక్కువ. అన్నం బాగానే తింటున్నాను, బెంగపడొద్దు. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు మెత్తళ్లు పంపు. చుట్టూ తమిళమే, మాట్లాడే మనిషి లేడు, అంతే.

పక్క వాటాలో శాంతమ్మ అనే ఆవిడ ఉంది. తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. యూనివర్సిటీలో రేవు నడపడం గురించి పాఠం చెబుతుంది. అది కూడా అట్ట మీద, పాచికలతో!

"మీరు రేవులో మేస్త్రీగా ఉండినారంట గదా అయ్యా. ఒకసారి వచ్చి ఆటలో తప్పులుంటే చెప్పండి" అంది.

"చెబుతాను. మీ పిల్లలు వినొద్దూ?" అన్నాను.

పోయిన వారం తీసుకెళ్లింది. బల్ల మీద పెద్ద అట్ట, దాని మీద రేవు బొమ్మ. కొయ్య ఓడలు, ఓడలో పనివాళ్లని చెప్పి వేలెడంత కొయ్య మనుషులు. ఎవరు ఎక్కువ ఓడలు ఖాళీ చేసి పంపితే వాళ్లు గెలిచినట్టు. వాన చీటీ వస్తే పని ఆపి ఒక వంతు వదులుకోవాలి, లేదా పని ఆపకుండా తెగించి పాచిక వెయ్యాలి. నందిని అనే పిల్లకు వాన చీటీ వచ్చింది. పాచిక తీసింది.

"ఆగవే! కింద మనుషులున్నారు" అన్నాను.

"అయ్యో తాతా, అవి బొమ్మలు! ఈ ఓడ పోయిందంటే మేమే ఫస్టు" అని వేసేసింది. గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఊరికే అడిగింది. "సరి, మీరు మేస్త్రీగా ఉండినప్పుడు వానొస్తే ఆపేస్తా ఉండినారా?"

ఆపేవాణ్ణని చెబుదామని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను.

"ఆపలేదు. నా తమ్ముడి కాలు పోయింది" అన్నాను.

తమ్ముడూ, ఆ రోజు వాన మొదలవగానే క్రేనువాడు ఆపేశాడు. ఇనుప కడ్డీల కట్ట పైన వేలాడుతోంది. సముద్రం పోటు మీద ఉండగానే ఓడ వెళ్లిపోవాలి, మన గ్యాంగు వెనకబడిందని అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. దింపమని చెయ్యి ఊపాను. ఓడ కడుపులో మీరు పక్కకు తప్పుకున్నారో లేదో తొంగి చూడలేదు. గొలుసు జారింది. ఆఫీసులో మాత్రం, నువ్వే చూసుకోకుండా బరువు కిందికొచ్చావని చెప్పి సంతకం పెట్టాను. నీ తప్పేమీ లేదు. పైకి చూసినా నీకు తప్పుకునే వేళ ఉండేది కాదు.

అక్కడ ఈ సంగతంతా చెప్పేశాను. "ఈడ ఇంకో చీటీ పెట్టాలా అయ్యా?" అని శాంతమ్మ అడిగింది. పెట్టమన్నాను. ఆ చీటీ మీద ఏం రాసుకుందో నాకు తెలియదు.

ముక్కూ మొహం ఎరగని పిల్లలకు చెప్పి నీకు చెప్పకపోతే నేను మనిషిని కాను. ముప్పై ఏళ్లుగా మరదలు నిన్ను "కళ్లు నెత్తికెక్కి నిలబడ్డావు" అని సాధిస్తుంటే, నేను పక్కనే కూర్చుని కాఫీ తాగాను. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు. తిడితే నన్ను తిట్టమను. జవాబు రాయాలని లేకపోతే రాయకు.

పెద్దక్కకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. పెద్దవాణ్ణి, నీకు దీవెనలు రాయాలి. కాని నీకూ నమస్కారమే రాస్తున్నాను.

మీ అన్న,
అప్పలస్వామి