వేటనల్లుల గది

నైవాషా

న్యోకాబీ,

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. తప్పు నీది కాదు. అందుకే మీ అక్క ఇంటికి రాస్తున్నాను.

ఆ రోజు గులాబీ పెట్టెలు లారీకి ఎక్కిస్తుంటే మావాళ్ళు, "ఏం గిథింజీ, నీ పెళ్ళామూ ఆ ముతిసో సారూ ఒకే భూతద్దంలోంచి పురుగుల పెళ్ళిళ్ళు చూస్తున్నారట, నీకు పిలుపు రాలేదా?" అని పకపకా నవ్వారు. నా ఒళ్ళు మండిపోయింది. నువ్వు వేటనల్లులు పెంచే గదిలోకి దూసుకొచ్చి, అవి పెరిగే చిక్కుడు మొక్కల తట్టలు నేలకేసి కొట్టాను. అందరి ముందూ నిన్ను అనరాని మాట అన్నాను.

మర్నాడు మీ గది పెద్ద ముతిసో పిలిచాడు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన భూతద్దం నా ముందుకు జరిపాడు.

"చూడవయ్యా. ఆ చిన్నది మగది. పక్కనున్న ఆడది ఇంకా చివరి కుబుసం విడవలేదు. విడిచేదాకా వాడు కదలడు. ఇంకో మగాడొస్తే తోసేస్తాడు."

"తర్వాత?"

"జత కడతారు, గంటలసేపు. ఆపైన ఆమె తిండి వెతుక్కుంటూ తన దారిన పోతుంది. జత కట్టకపోతే గుడ్లుండవు. గుడ్లు లేకపోతే ఎర్రనల్లిని తినే ఈ వేటనల్లులుండవు, అది మన గులాబీల్ని తినేస్తుంది. నీ భార్య రోజూ చూసేది ఇదే."

నేనూ అంతే. సంతకీ, చర్చికీ, చివరికి కుళాయి దగ్గరకీ నీ వెనకే వచ్చేవాణ్ణి. దాన్ని ప్రేమనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

రమ్మనే ముఖం లేదు. అయినా రా.

సిగ్గుతో,
గిథింజీ

న్యాహురురు

వంగెచి నాన్నకు,

ఉత్తరం చదివాను. చింపలేదు.

నువ్వన్న మాటకి నేనిల్లు వదల్లేదు. అలాంటివి ఇంట్లో చాలానే విన్నాను. ఆ రోజు బడి నుంచి తిన్నగా నా దగ్గరికొచ్చిన వంగెచి నీ వెనకే, గుమ్మంలో నిలబడి ఉంది. నువ్వు చూడలేదు. మాటలన్నీ వింది.

ఇక్కడికొచ్చాక పిల్ల నన్నడిగింది: "అమ్మా, నాకు పెళ్ళయ్యాక నేనూ ఎవరితోనూ మాట్లాడకూడదా?"

అందుకే ఆదివారం దాన్ని ఒక్కదాన్నే బస్సెక్కిస్తున్నాను. క్షమించమని నన్ను కాదు, దాన్ని అడుగు. దాని ప్రశ్నకు జవాబూ నువ్వే చెప్పు.

ఆ జవాబు విని అది నాకు ఫోన్ చేసి రమ్మంటే, వస్తాను.

వంగెచి అమ్మ