తలుపు మీద సుద్దగీత

ప్రియమైన అమ్మా,

ఫోన్‌లో చెబితే "సరేలే, తిన్నావా?" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. నువ్వు కాటా మీద లారీల్ని తూస్తావు కదా, మీ గడుగ్గాయి ధ్రువం దగ్గరి మంచునే తూచేసింది!

ఎలాగంటావా? పైన రెండు ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. కింద బరువు ఎక్కువున్నచోట నేల వాటిని కాస్త గట్టిగా లాగుతుంది. మంచు పోతే ఆ లాగుడూ తగ్గుతుంది. అదే మా కాటా. కానీ ఓ తిరకాసుంది. వేల ఏళ్ల కిందట అక్కడ మంచు ఇంకా మందంగా ఉండి, నేలని అణగదొక్కేసింది. అది చాలావరకు కరిగాక నేల ఇప్పటికీ మెల్లగా పైకి లేస్తోంది, మనిషి లేచాక దూదిపరుపు పొంగినట్టు. లేచినచోట అడుగున వేడి రాయి వచ్చి చేరుతోంది. ఏది రాయో ఏది మంచో కాటాకి తెలీదు కదా! రాయి చేరినకొద్దీ మంచు పోయింది తక్కువగా కనిపిస్తుంది. అందుకని రాయి బరువు తీసేయాలి. అచ్చం నీ ఖాళీ లారీ లెక్కే.

తీసేశాను. మేం చూసే ప్రాంతంలో ఏడాదికి ఎనిమిది వేల కోట్ల టన్నుల మంచు పోతోంది! పక్క బల్ల అక్కకి ఆరు వేలే వచ్చింది. ఐదేళ్లుగా అందరూ ఆవిడ అంకే వాడుతున్నారు. పెద్దసారు ఇప్పుడు "ఎక్కడ పొరపాటు చేశారో రాసివ్వండి" అని ఆవిడని అడిగారు. పాపం అనిపిస్తోంది గానీ, అమ్మా, నాకు కాళ్లు నేల మీద నిలవట్లేదు! వచ్చే నెల సమావేశంలో చెప్పాల్సింది నేనే.

నీ గడుగ్గాయి

ప్రియమైన గడుగ్గాయికి,

నీ ఉత్తరం కాటా గదిలోనే విప్పాను. బయట లారీ హారన్ కొడుతున్నా లేవలేదు. టీ తెచ్చే ఆవిడకి చదివి వినిపిస్తే, "ఆకాశం నుంచి తూచడమేంటమ్మా, ఇక్కడ కళ్లముందు తూస్తేనే డ్రైవర్లు గొడవ పెడుతుంటే" అంది.

చిన్నప్పుడు నా స్టూలెక్కి "ఖాళీ బరువు తీసెయ్!" అని డ్రైవర్ల మీద పెత్తనం చేసేదానివి. అందుకే అడుగుతున్నాను, కోప్పడకు. నీ చేతికొచ్చిన లెక్కలో ఆ రాయి బరువు ముందే ఎవరైనా తీసేశారేమో చూశావా? ఇక్కడ టార్పాలిన్, గొలుసుల బరువు తీసేయగానే లారీ తలుపు మీద సుద్దముక్కతో ఓ గీత గీస్తాం, రెండోసారి ఇంకెవరూ తీయకుండా. పాత సూపర్‌వైజరు నేర్పిన అలవాటు. నీ ఫైలుకి తలుపెక్కడుందో వెతుకు. ఆ అక్క రాసివ్వకముందే వెతుకు తల్లీ, ఆలస్యం చేయకు.

మీ అమ్మ

ప్రియమైన అమ్మా,

నిజం చెప్పనా? నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ జవాబు రాయనిది అందుకే. సమావేశం ఇంకా రెండు రోజులుందనగా, నీ మాట కాదని నిరూపిద్దామని ఫైలు తెరిచాను. పైన, ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో ఉంది: "నేల లేచిన లెక్క తీసేశాం." నేను రెండోసారి తీసేశానన్నమాట. అక్క అంకే సరైనది.

అక్క అప్పటికే సగం రాసింది, చేయని తప్పు ఎక్కడ చేసిందో తెలీక. నేను గప్‌చిప్‌గా అంకె మార్చేసి ఊరుకోవచ్చు. కానీ ఆవిడ ముఖం చూశాక చేతకాలేదు. సమావేశంలో లేచి "తప్పు నాది, అక్కది కాదు" అన్నాను. అప్పుడు అక్కే అడిగింది, "అసలు తీసేసే ఆ బరువు సరైనదేనా అని ఎవరైనా చూశారా?"

మంచు పక్కన బండకి బిగించి, నేల ఎంత లేస్తోందో కొలిచే పరికరం అంకెలు అప్పటికప్పుడు తెరిచాం. అమ్మా, నేల మేం అనుకున్నదానికన్నా వేగంగా లేస్తోంది, అంటే తీసేయాల్సిన రాయి బరువు ఇంకా ఎక్కువ! నా ఎనిమిది వేలు తప్పే, కానీ ఆరు వేలు కూడా చాలకపోవచ్చు! అది తేల్చడానికి అక్కా నేనూ స్వయంగా ఆ బండ దగ్గరికే వెళ్తున్నాం! ఇప్పుడు మా ఫైళ్లన్నిటి పైనా "తీసేశాం" అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటోంది. అందరూ దాన్ని సుద్దగీత అంటున్నారు. మీ పాత సూపర్‌వైజరుకి నా దండాలు చెప్పు!

ఎగిరి గంతులేస్తూ,
నీ గడుగ్గాయి

ప్రియమైన గడుగ్గాయికి,

నీ దండాలు ఎవరికి చెప్పను? ఆ సూపర్‌వైజరంటూ ఎవరూ లేరు. గీత మొదలెట్టింది నేనే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇనపఊచల లారీ వచ్చింది. గొలుసుల బరువు ముందు షిఫ్టువాళ్లు తీసేశారు, నేనూ తీసేశాను. సరుకు మూడు వందల కిలోలు తక్కువ తేలింది. డ్రైవరుని దొంగన్నారు, పనిలోంచి తీసేశారు. తప్పు నాదని సాయంత్రానికే తెలిసింది. భయంతో నోరు మెదపలేదు. మర్నాటి నుంచి సుద్దముక్క పట్టుకున్నాను. నువ్వు అక్క సంగతి రాసిన రోజు నాకు ఆ డ్రైవరే గుర్తొచ్చాడు.

నువ్వు లేచి నిలబడ్డావని చదివాక ఇక కూర్చోలేకపోయాను. మేనేజరు ముందు జరిగిందంతా రాసి సంతకం పెట్టి, నకలు తీసుకుని నిన్న ఆ డ్రైవరుని వెతుక్కుంటూ వెళ్లాను. పంక్చర్ల కొట్టు పెట్టుకున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. కాగితం నెమ్మదిగా చదివి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు అప్పుడే తెలుసు చెల్లెమ్మా" అన్నాడు.

"ఎలా తెలుసన్నా?"

"వారం తర్వాత మీ గేటు ముందు నుంచి వెళ్తుంటే ప్రతి లారీ తలుపు మీదా గీత కనపడింది. అంతకుముందు లేదుగా. ఇవాళో రేపో వస్తావనుకున్నాను. ముప్పై రెండేళ్లు పట్టింది."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆయన స్టూలు నా వైపు జరిపాడు. మరి ఇప్పుడెందుకొచ్చావని అడిగితే, నీ సంగతంతా చెప్పాను. ఆకాశం నుంచి తూచడమంటే అస్సలు నమ్మడంలేదు. నువ్వు ఆ బండ మీద నిలబడి ఫోటో తీయించుకో. రెండు కాపీలు పంపు, ఒకటి ఆయన అడిగాడు.

మీ అమ్మ